కొండ మీద పప్పు

కోరాపుట్‌లో పప్పు ఒక పట్టాన ఉడకదు. రాయగడలో వండిన పప్పే, అదే సంచిలోది, అదే గిన్నెలో అదే చెయ్యి వండినా, కోరాపుట్ వెళ్లేసరికి మొండికేస్తుంది. కింద నుంచి బదిలీ మీద వచ్చిన తెలుగు ఇళ్లలో మొదట కొట్టువాణ్ణి అనుమానిస్తారు, పాత సరుకు అంటగట్టాడని. తర్వాత నీళ్లని తిట్టుకుంటారు. ఆ తర్వాత అలవాటుపడి ఊరుకుంటారు. నిజానికి కొట్టువాడి పాపం ఏమీ లేదు. రాయగడ నాగావళి పక్కన, సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే కోరాపుట్ దాదాపు 870 మీటర్ల మీద కూర్చుంది. సుమారు మూడు వందల మీటర్లు ఎక్కినప్పుడల్లా నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ చొప్పున దిగుతుంది. రాయగడలో 99 దాటాక మరిగే నీళ్లు కోరాపుట్‌లో 97 దగ్గరే తెర్లిపోతాయి. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరం అక్కడికి దగ్గర్లోనే, పొట్టంగి వైపు ఉంది. దాని ఎత్తు 1,672 మీటర్లు. అక్కడ పొయ్యి పెట్టినవాడికి 95 డిగ్రీలు కూడా పూర్తిగా దక్కవు. మంట పెంచితే నీళ్లు ఇగిరిపోతాయే గాని వేడి పెరగదు.

రెండు మూడు డిగ్రీలే కదా అనిపిస్తుంది. అన్నానికి, కూరకి నిజంగానే అంత పట్టింపు లేదు. గింజకి ఉంది. రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లే రైలు టికిరి, లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ మీదుగా సొరంగాలు దూరుకుంటూ ఎక్కుతుంటే, కిటికీ బయట చూడాల్సినవి బోలెడు ఉండగా నాకు పప్పు గుర్తొస్తుంది. తిండిపోతు ఆలోచన అనుకోండి. ఆ బండి ఎక్కుతున్న ప్రతి మలుపుకీ కట్టెల మోపు ఇంకాస్త బరువెక్కుతుందన్నమాట. మైదానం మనిషి ఆ బరువుని కుక్కరుతో తీర్చుకున్నాడు. మూత బిగించి విజిల్ పెడితే లోపల వేడి 120 డిగ్రీల దగ్గరదాకా పోతుంది. అంటే ఇంట్లో అందరూ కొండ మీదే ఉండగా పప్పు ఒక్కటే సముద్రమట్టం కంటే కిందకి దిగి ఉడికి వస్తుంది. కుక్కరు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కుండలో వండిన రుచి గురించి వ్యాసాలు రాసేవాళ్లలో ఎక్కువమంది కట్టెలు కొట్టినవాళ్లు కారు.

అందుకే, పప్పులు అరగడం లేదంటే అందరూ కడుపు దగ్గర మాట మొదలుపెట్టడం నాకు నచ్చదు. గింజ అరిగే పని చాలా వరకు కడుపు బయటే అవుతుంది. ఎండలో కొంత, నానేసిన నీళ్లలో కొంత, తిరగలి కింద కొంత, పొయ్యి మీద మరింత. మిగిలింది పళ్లకీ పేగులకీ. బయట ఎగ్గొట్టిన పనంతా లోపల పేగులు మోస్తాయి, అవి మోయలేక గోలపెడతాయి. ఆ గోలకే మనవాళ్లు వాతం అని పేరు పెట్టారు.

మా పెద్దమ్మ బొబ్బిలి పక్క పల్లె నుంచి రాయగడకి కోడలిగా వచ్చింది. ఆవిడ అత్తగారి కాలానికి ఇదంతా విశాఖపట్నం జిల్లాయే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు జయపురం సంస్థానంతో సహా అటుపక్కకి వెళ్లింది, 1992లో రాయగడ విడి జిల్లా అయింది. వంటిల్లు మాత్రం ఏ జిల్లాకి చెందిందో ఎవరూ తేల్చలేదు. ఓ పూట దాల్మా, ఓ పూట కందిగుండ. గింజల విషయంలో పెద్దమ్మకి ఒక వరస ఉండేది. పెసర పిల్లలకీ జబ్బుమనిషికీ. కంది రోజువారీకి. మినుము బలానికి, కానీ రాత్రిపూట వద్దు. ఉలవ వేడి, చలికాలం సరుకు. బొబ్బర్లు పని చేసుకునేవాళ్లు తినాలి, కూర్చునేవాళ్లు కాదు. అన్నిటికీ అడుగున ఎండు చిక్కుడు పిక్కలు. అవి వండినరోజు వాము, అల్లం, ఇంగువ మూడూ పడాల్సిందే.

ప్రయోగశాలలో ఈ వరస కచ్చితంగా ఇలాగే తేలకపోవచ్చు గాని వెనక ఉన్న సంగతి అక్కడా ఉంది. పప్పుగింజల్లో రాఫినోజ్, స్టాకియోజ్, వెర్బాస్కోజ్ అనే చక్కెరలు ఉంటాయి. మొలక వచ్చే వేళకి పనికొస్తాయని గింజ దాచుకున్న తిండి అది. వాటి ముడి విప్పాలంటే ఆల్ఫా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైము కావాలి, అది మన చిన్నపేగులో తయారవదు. ముడి విప్పని చక్కెర పెద్దపేగు దాకా వెళ్లిపోతుంది. అక్కడ కాచుకుని ఉన్న సూక్ష్మజీవులకి అది పండగ భోజనం. అవి తిని హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరి పేగుల్లో మీథేన్ కూడా వదులుతాయి. ఉబ్బరం అదే. ఇదంతా చెడ్డదని కూడా అనలేం. అదే విందులోంచి పెద్దపేగు గోడకి ఇంధనంగా పనికొచ్చే కొవ్వు ఆమ్లాలూ పుడతాయి. మనకి శబ్దం వినిపించినంతగా ఆ మేలు కనిపించదు, అంతే తేడా.

రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే ఈ చక్కెరల్లో కొంత పోతుంది. మొలకెత్తిస్తే గింజే కొంత ఖర్చుపెట్టుకుంటుంది. రుబ్బి పులియబెడితే ఆ పని సూక్ష్మజీవుల చేత కడుపు బయటే చేయించినట్టు. ఇడ్లీ పిండిని పొంగించే వాటిలో ముఖ్యమైనది ల్యూకోనాస్టాక్ మెసెంటెరాయిడిస్. దానికి వెచ్చదనం కావాలి. రాయగడలో ఏ ఇబ్బందీ లేదు. కోరాపుట్, సెమిలిగూడ వైపు పుష్యమాసంలో మాత్రం సాయంత్రం రుబ్బిన పిండి తెల్లారి చూస్తే వేసినంతే ఉంటుంది. గిన్నెకి దుప్పటి కప్పుతారు, ఆరిన పొయ్యి పక్కన పెడతారు, నీళ్లు కాచి పిండిగిన్నె అందులో దించుతారు. పసిపిల్లకి చేసే సేవలన్నీ మినప్పిండికి జరుగుతాయి. ఇడ్లీ మైదానంలో పుట్టిన తిండేనని ఆ చలిలో ఎవరికైనా తెలిసిపోతుంది.

పెద్దమ్మకి ఈ పేర్లేవీ తెలియవు. తెలిసినదల్లా ఒక పరీక్ష. గంటెతో నాలుగు పిక్కలు తీసి, చల్లార్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒత్తి చూసేది. పిక్క మెత్తగా జారిపోయి వేళ్ల మధ్య పొట్టు మాత్రమే మిగలాలి. నడుమ పిసరంత పలుకు తగిలినా మళ్లీ మూత పెట్టేది. ఒకసారి నేను ఆకలికి ఆగలేక చింతపండు రసం గిన్నె అందుకున్నాను.

"ఒరే, ఆగరా. పులుపెయ్యకు. ఇప్పుడేస్తే రాయైపోద్ది, రేపటిదాకా ఉడకదు."

"కలిపి ఉడికిస్తే రుచి పడుతుంది కదా పెద్దమ్మా?"

"రుచి నోటికిరా. తరవాత కడుపు సంగతెవుడు సూత్తాడు, నువ్వా?"

పుల్లటి నీళ్లలో గింజ గోడల్లోని పెక్టిన్ అంత తేలిగ్గా కరగదు, అందుకని పిక్క బిగుసుకుపోతుంది. సున్నం పాలు ఎక్కువున్న ఉప్పునీటి బావిదీ అదే గుణం, కాల్షియం ఆ పెక్టిన్‌ని మరింత గట్టిగా పట్టేస్తుంది. వంటసోడా చిటికెడు వేస్తే వ్యవహారం తిరగబడి గింజ త్వరగా లొంగిపోతుంది. కాకపోతే సోడా ఎక్కువైతే సబ్బు వాసన, బి విటమిన్‌లో కొంత నష్టం. వేడికీ చెమ్మకీ ఏడాది పైన నిలవున్న గింజ మాత్రం ఎన్ని చేసినా లొంగదు. సంతలో పిక్కని పంటి కింద పెట్టి చూసి కొనే ఆడవాళ్లు చాదస్తంతో చేస్తున్న పని కాదది. ఎన్ని కట్టెలు కాలతాయో ముందే లెక్క కట్టుకుంటున్నారు.

సంత అన్నాను గనక చాటికొన సంగతి చెప్పాలి. రాయగడ జిల్లా బిసంకటక్ దగ్గర బుధవారం జరిగే సంత అది. నియమగిరి కొండల మీంచి డోంగ్రియా కోందులు దిగివస్తారు. పసుపు, అనాస, పనస, అడ్డాకులు, కాలాన్ని బట్టి కందులు. కొండవాలు పోడుల్లో వాళ్లు కందిని ఒంటరిగా వెయ్యరు. చిరుధాన్యాలు, బొబ్బర్లు, చిక్కుళ్లు, కంది, ఆముదం ఒకే చెలకలో కలిపి చల్లుతారు. ఒకటి కోతకొచ్చేసరికి ఇంకొకటి పూతలో ఉంటుంది. కంది ఆఖర్న, చలి వెళ్లేవేళ వస్తుంది. ఇటు పార్వతీపురం మన్యంలో సవరలు, జాతాపులు కందికొత్త పండగ చేసుకునేదాకా కొత్త కందిని నోట పెట్టరు. దేవుడికి పెట్టకుండా తినకూడదన్నది వాళ్లు చెప్పే కారణం. పూర్తిగా ముదిరి ఎండని పిక్క ఎవరి కడుపులోకీ వెళ్లకుండా ఊరంతటికీ ఒకే తేదీ పెట్టడం కూడా అందులో ఉందేమోనని నా అనుమానం. అనుమానమే, ఎవరూ నాకలా చెప్పలేదు.

చాటికొనలో కొన్న కందులు పప్పుగా మారడానికి మా ఇంట్లో నాలుగైదు రోజులు పట్టేది. ఆ పని దగ్గర్నుంచి చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ గనక వివరంగా చెబుతాను. ముందు కందుల్ని రాత్రంతా నానేస్తారు. పొద్దున్న నీళ్లు వంచేసి, జల్లించిన ఎర్రమన్ను తెచ్చి చిక్కగా కలిపి పిక్కలకి పట్టిస్తారు. ప్రతి పిక్కకీ మన్ను అంటాలి, అలాగని ముద్దలు కట్టకూడదు. రెండు చేతులతో అడుగునుంచి పైకి తిరగేస్తూ కలుపుతుంటే కాసేపటికి కందులేవో గులకరాళ్లేవో పోల్చుకోలేం. ఆ ఎర్రటి రాశి మీద గోనె కప్పి ఒక పూటో రాత్రో వదిలేస్తారు. తర్వాత పెరట్లో పరిచి రెండు మూడు ఎండలు ఎండబెడతారు. మన్ను పొడిబారి పగుళ్లిస్తున్నప్పుడు లోపల పప్పు కాస్త కుంచించుకుని పొట్టునుంచి విడివడుతుంది. పొట్టుకీ పప్పుకీ మధ్య ఉండే జిగురు బంధం తెగిపోతుంది. ఇక జల్లెడ పట్టి మన్ను రాల్చి తిరగలిలో పోస్తే పిక్క రెండు బద్దలై, పొట్టు విడిగా వచ్చేస్తుంది. చేటతో చెరిగితే పొట్టు ముందుకి ఎగిరిపడుతుంది, పప్పు వెనక నిలుస్తుంది. పొట్టు, నూక, మన్ను కలిసింది ఆవుకి.

ఆ పప్పు మీద ఎర్రటి చాయ మిగిలేది. కడిగిన మొదటి నీళ్లు నాగావళి వరదలా ఉండేవి. అప్పట్లో ఈ ప్రయాసంతా రంగు కోసమేనేమో అనుకునేవాళ్లం. పొట్టులోనే వగరు, అంటే టానిన్లు ఉంటాయనీ, అవి మాంసకృత్తుల్ని పట్టుకుని అరగనివ్వకుండా అడ్డుపడతాయనీ, పొట్టు తీసిన పప్పు తేలిగ్గా అరగడానికి సగం కారణం అదేననీ తర్వాత చదివాను. చిత్తూరు వైపు అనపగింజల్ని నానబెట్టి ఒక్కొక్కటీ వేళ్లతో పితికి పొట్టు వదిలించి పితికినపప్పు చేస్తారు. ఇద్దరిదీ ఒకటే పని. వాళ్లు చేత్తో చేశారు, మనవాళ్లు మన్నుతో చేయించారు.

పొట్టు పోయాక కూడా పెద్దమ్మకి నమ్మకం కుదరదు. పప్పుని మూకుట్లో దోరగా వేయించాకే ఎసట్లో వేసేది. వేయించడం కేవలం కమ్మదనానికి కాదని ఉగ్గు చూస్తే అర్థమవుతుంది. పాలు మాన్పించే పసిగుంటకి మనవాళ్లు మొదట పెట్టే పప్పు వేయించిన పప్పే. బియ్యం, పెసరపప్పు విడివిడిగా వేయించి, కాస్త జీలకర్రో వామో చేర్చి, విసిరి, జల్లించి, పలచగా కాస్తారు. పొడి వేడి తగిలినప్పుడు గింజలో ఉండే, మాంసకృత్తుల అరుగుదలకి అడ్డం పడే ట్రిప్సిన్ నిరోధకాలు చాలావరకు చస్తాయి. ఒడిశా అంగన్‌వాడీల్లో పిల్లలకి ఇచ్చే ఛతువా కూడా ఈ దారిలోదే. గోధుమలు, శనగలు, వేరుశనగలు వేయించి పంచదార కలిపి పొడి చేస్తారు. మహిళా సంఘాల వాళ్లు తయారుచేసి పొట్లాలు కడతారు. పథకాలు ఎన్నో వచ్చి పోతుంటాయి, పసివాడి కడుపుకి ఏది ముందు పెట్టాలన్న విషయంలో ప్రభుత్వం మాత్రం నాయనమ్మల మాటే విన్నట్టుంది.

ఇక నీళ్ల సంగతి. ఏ నీళ్లు పారబోయాలి, ఏవి దాచుకోవాలి అన్నదాంట్లో మన వంటిళ్లకి ఒక నియమం ఉందని అనుకుంటే పొరపాటు. ఎండు చిక్కుడు పిక్కలకి పెద్దమ్మ నానేసిన నీళ్లూ పారబోసేది, మొదటి ఉడుకు నీళ్లూ పారబోసేది. అది సబబే. ముఖ్యంగా నల్లగా ముదురురంగులో ఉండే చిక్కుడు పిక్కల్లో సైనైడు పుట్టించే పదార్థాలు కొంత ఉంటాయి, నీళ్లు మార్చి ఉడికిస్తే అవి పోతాయి. బాగానే ఉంది. అదే చెయ్యి ఉలవల దగ్గరికొచ్చేసరికి నీళ్లు దాచుకుని గింజల్ని ఎడ్లకి వేసేది. ఉలవచారుని వెన్న వేసుకుని తాగుతూ దాని గొప్ప చెప్పే మనలో ఎవరికీ ఇందులో తమాషా తోచదు. గింజ వదిలిన చక్కెరల్లో కొన్ని ఆ నీళ్లలోనే ఉంటాయి కదా అంటే, ఉంటాయి. కానీ కష్టమైన భాగం, ముతక పిండీ పొట్టూ, ఎద్దు వంతుకి పోయింది. ఎద్దు పొట్టలో మొదటి గదే ఒక పెద్ద పులియబెట్టే కుండ. మన దగ్గర లేని ఎంజైములన్నీ తయారుచేసే జీవులు అందులో కోట్లలో ఉంటాయి. పొలందున్నే జంటకి బలం, దున్నించినవాడికి చారు. పంపకంలో ఇద్దరూ నష్టపోలేదు. కోరాపుట్ మెట్టల్లో ఇదే ఉలవని కొలతా అంటారు, వానలు తగ్గుముఖం పట్టాక మిగతా పంటలు నిలవని గట్టి నేలల్లో చల్లుతారు. అక్కడ నేను చూసిన ఇళ్లలో గింజల్ని ఎద్దులకి వదిలెయ్యరు, గింజా నీళ్లూ కలిపే తింటారు. చారు ఒక్కటే చాలనుకోవడానికి పక్కన అన్నం పుష్కలంగా ఉండాలి మరి.

మామిడి టెంక గురించి చెప్పకుండా రాయగడ జిల్లాలో అరుగుదల మాట పూర్తవదు. అది పప్పుగింజ కాదు నిజమే. కానీ తినకూడనిదాన్ని తినేలా చెయ్యడంలో మనిషి ఎంత దూరం వెళ్లాడో, ఎక్కడ తప్పిందో చెప్పాలంటే దాన్ని మించింది లేదు. వేసవిలో పళ్లు తిని టెంకలు పోగేస్తారు. ఎండాక పగలగొట్టి లోపలి జీడి తీస్తారు. దాన్ని ఎండబెట్టి, దంచి, ఆ పిండిని గుడ్డలోనో బుట్టలోనో వేసి గెడ్డలో పారేనీటికి అడ్డంగా ఉంచుతారు. నీళ్లు పిండిలోంచి పోతూ వగరుని లాక్కుపోతాయి. ఒక రాత్రికి పోకపోతే ఇంకో రాత్రి. నాలుక మీద పెట్టి చూసి వగరు విరిగిందనుకున్నాకే అంబలి కాస్తారు. మన మన్యంలోనూ టెంక అంబలి తెలియని కొండ ఊరు ఉండేది కాదు. ఆండీస్ కొండల్లో పెరూ, బొలీవియా రైతులు తార్వి అనే చేదు చిక్కుడుని ఉడికించి, గోనెల్లో కట్టి, రోజుల తరబడి ఏట్లో వదిలి చేదు పోగొడతారు. అంత దూరాన ఎవరూ ఎవరికీ నేర్పకుండా ఏటి చేత ఒకే పని చేయించుకున్నారు.

2001 వానాకాలంలో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో ఇరవైమందికి పైగా ఆదివాసులు చనిపోయారు. బూజుపట్టిన టెంకపిండి అంబలి తాగి పోయారని ప్రభుత్వం అంది. ఆకలితో పోయారని మిగతావాళ్లు అన్నారు. అది ఆకలి చావా, విషాహారమా అని పత్రికల్లో, రాజకీయాల్లో నెలల తరబడి తగువు. ఆ తగువు అప్పుడు చదివినా ఇప్పుడు గుర్తుచేసుకున్నా నాకు వింతగానే ఉంటుంది. పోడు పంట ఇంకా చేతికి రాని నెలలవి. ఎండ మొహం చూపించదు గనక జీడి ఎండదు, చెమ్మకి బూజు పడుతుంది. బూజుపట్టిన పిండిని పారబోసి ఇంకో పూట ఆగడానికి గాదెలో మరో గింజ ఉండాలి. టెంక వండటం వాళ్లకి తెలియదని ఎవరైనా అంటే అది మాత్రం అబద్ధం. వాళ్ల తాతలకీ తెలుసు. ఎండ, ఏరు, వ్యవధి మూడూ కుదిరితేనే ఆ వంట కుదురుతుంది. ఆ ఏడాది కుదరలేదు. 2024లో కంధమాల్ జిల్లాలోనూ టెంక అంబలి తాగి ప్రాణాలు పోయాయని వార్త వచ్చినప్పుడు మళ్లీ అదే వాదన, దాదాపు అవే మాటలతో వచ్చింది. మధ్యలో ఇరవై మూడేళ్లు గడిచాయి.

దీని తర్వాత రాజ్మా గురించి మాట్లాడటం చిన్న విషయంలా ఉంటుంది గాని అందులోనూ ఒక ప్రమాదం ఉంది, చెప్పాలి. చింతపల్లి, లంబసింగి మన్యంలో పండే రాజ్మా ఇప్పుడు మన ఊళ్లలోనూ అమ్ముతున్నారు. ఎర్ర రాజ్మాలో ఫైటోహెమగ్లుటినిన్ అనే లెక్టిన్ ఎక్కువ. పచ్చివి నాలుగైదు గింజలు తిన్నా వాంతులు పట్టుకోవచ్చు. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పది నిమిషాలకి తక్కువ కాకుండా తెర్లించాలి. ఎనభై డిగ్రీల సన్న వేడిమీద గంటలకొద్దీ ఉంచే విద్యుత్ పాత్రల్లో వండితే విషం పచ్చిదానికన్నా ఐదు రెట్లు దాకా పెరగొచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. వేడి సగం ఇవ్వడం అసలు ఇవ్వకపోవడం కంటే చెడ్డది. కోరాపుట్ 97 డిగ్రీలకి ఈ గండం లేదు, ఆ పది నిమిషాలూ తెర్లితే చాలు. విదేశాల్లో ఉద్యోగం చేసుకుంటూ పొద్దున్న పాత్రలో పోసి సాయంత్రం వచ్చి తినే మన పిల్లలకే ఈ కబురు చేరాలి.

వాళ్లకే ఇంకో కబురు కూడా. నెలకోసారి చేటెడు రాజ్మా తిని, కడుపు ఉబ్బిందని పప్పుధాన్యాల్నే మానేసేవాళ్లు ఎక్కువయ్యారు. ఎంజైము మాత్రలు కొనేవాళ్లూ ఉన్నారు, అవి కొంత పనిచేస్తాయి కూడా. రోజూ కొంచెం కొంచెంగా కొన్ని వారాలు తింటే చాలామందిలో ఉబ్బరం దానంతటదే తగ్గుతుందని పరిశోధనలు చూపించాయి. లోపలి జీవులకీ అలవాటు కావాలి. పెద్దమ్మ ఇంటికి సెలవులకి వచ్చిన పట్నం మనవలకి మొదటి వారం పెసరకట్టు తప్ప ఏమీ పెట్టేది కాదు. రెండో వారం కంది. వాళ్లు తిరిగి వెళ్లే ముందర ఎప్పుడో బొబ్బర్ల గుగ్గిళ్లు. అంత ఓపిగ్గా పేగులకి పాఠం చెప్పినావిడని నేను మళ్లీ చూడలేదు.

కానీ ఓపిక అన్నమాట నేను కాస్త భయపడుతూనే వాడుతున్నాను. నానబెట్టండి, మొలకెత్తించండి, సన్నసెగ మీద ఉడికించండి అని పత్రికల్లో చెప్పడం తేలిక. ఎవరు, ఎప్పుడు, ఏ కట్టెలతో అన్నది రాయరు. ఆ పనులన్నీ ఇంట్లో ఒక ఆడమనిషి రోజంతా ఉంటుందన్న నమ్మకం మీద నడిచాయి. పెద్దమ్మ ఉండేది గనక ఎర్రమన్ను కందులు జరిగాయి. ఆవిడ కోడలు బడిలో పంతులమ్మ, మిల్లు పప్పు కొంటుంది, కుక్కరులో నాలుగు విజిళ్లు. ఆవిడ వండిన పప్పు తిని ఎవరూ చావలేదు, ఎవరికీ వాతమూ చెయ్యలేదు. నానేసే పని మాత్రం మానలేదు. పొద్దున్నే బడికి వెళ్తూ గిన్నెలో నీళ్లు పోసి వెళ్తుంది.

ఈమధ్య చాటికొన సంతలో ఒకటి గమనించాను. కందులు అమ్మిన ఆడవాళ్లు తిరిగి కొండెక్కేముందు కొట్టు దగ్గర ఆగి మసూర్ పప్పు కొంటున్నారు, ఎర్రగా మెరిసే బద్దలు, కింద ఎక్కడినుంచో లారీలో వచ్చినవి. సొంత కందులు అమ్మి ఊరిపేరు తెలియని పప్పు కొనడమేమిటని నాకు మనసులో కాస్త కష్టంగానే తోచింది. కోందుల భాష కువి మాట్లాడే మిత్రుడొకాయన పక్కనుంటే ఒకామెని అడగమన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఇతనికి పొయ్యి ముట్టించడం తెలుసా అని ముందు ఆయన్నే అడిగింది. తర్వాత జవాబు చెప్పింది. మసూర్ అయితే అన్నం దించేలోపు, ఆ మంట మీదే అయిపోతుందట. కందులు పూటంతా కట్టెలు తింటాయి, ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. కూలికి వెళ్లే రోజుల్లో ఎవరు కూర్చుంటారు?

మరి ఇంట్లో ఉంచుకున్న కందులు ఎప్పుడు వండుతారంటే, మా అత్త చేలోకి వెళ్లని రోజు, అంది.